‘అంగీకరిస్తున్నాను’ పెట్టెలో విరిగిన పంక్తులు

కంప్యూటరులో కొత్త ప్రోగ్రాం ఎక్కించేటప్పుడు ఒక చిన్న పెట్టె వస్తుంది. అందులో సన్నటి ఇంగ్లీషులో లైసెన్సు షరతులు, కింద ‘అంగీకరిస్తున్నాను’ అనే మీట. మన సభ్యుల్లో చాలామంది మనవణ్ణి పిలిచి “నొక్కెయ్ నాయనా” అంటారు. ముప్పై ఏళ్లకు పైగా ఫైళ్లు చదివి సంతకానికి పెట్టినవాణ్ణి గనుక చదవకుండా ఒప్పుకోవడానికి నాకు మనసొప్పదు. చదవబోతే ఒక వరుస నిండుగా, తరువాతది రెండే మాటలు, మళ్లీ ఒకటి నిండుగా! ఎందుకిలా అని ఆరా తీస్తే సంగతి మన టైపు మిషన్ల దాకా వెళ్లింది.

టైపు చేసినవారికి గుర్తే. పంక్తి చివర గంట మోగగానే ఎడమచేత్తో లీవరు తోస్తాం. ఆ ఒక్క తోపుతో రెండు పనులు: క్యారేజీ మొదటికి రావడం, కాగితం ఒక వరుస జరగడం. టెలిప్రింటరులో ఈ రెంటికీ వేర్వేరు సంకేతాలు. తరువాత డాస్, విండోస్ రెండు సంకేతాలనూ ఉంచుకున్నాయి; యూనిక్స్ ఒక్కటి చాలనుకుంది. అందుచేత యూనిక్స్‌లో తయారైన లైసెన్సును విండోస్ నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే పేరాలన్నీ ఒకే గొలుసుగా వచ్చేవి. దీన్ని మైక్రోసాఫ్ట్ సరిచేసింది 2018లో!

ఇక వెడల్పు. ఐబీఎం 1928లో తెచ్చిన పంచ్ కార్డుకు 80 నిలువు వరుసలు. ఆ లెక్కే తెరలకూ వచ్చింది. 1978 నాటి వీటీ100 టెర్మినలుదీ 80 అక్షరాల వెడల్పే. రిచర్డ్ స్టాల్‌మన్ 1989లో తెచ్చిన జీఎన్‌యూ జనరల్ పబ్లిక్ లైసెన్సును అలాంటి తెరలకు సరిపడేలా, ప్రతి వరుస చివరా విరుపు పెట్టి టైపు చేశారు. ఇన్‌స్టాలర్ పెట్టె అంతకన్నా ఇరుకైతే అంచు దగ్గర అది ఒకసారి విరుస్తుంది, లోపలి విరుపు మరోసారి. మెట్లమెట్ల వరుసలకు కారణం అదే.

మందు సులువు. పేరా చివరి విరుపు ఉంచి మధ్యవి తీసేస్తే పెట్టె తనే సర్దుకుంటుంది. అన్నీ గుడ్డిగా తీస్తే మాత్రం ఉపషరతులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. 1987 నాటి ఆర్‌టీఎఫ్ పద్ధతిలో శీర్షికలను లావుగా కూడా చూపవచ్చు. ఇన్నో సెటప్ వంటి సాధనాలు దాన్ని తీసుకుంటాయి.

ఇక్కడొక ధర్మసందేహం. ఈ లైసెన్సును యథాతథంగా పంచవచ్చు గాని మార్చరాదని అందులోనే ఉంది. వరుసలు సర్దితే మార్చినట్టా? జీవో నకలు తీసేటప్పుడు మనం అక్షరం ముట్టుకోం. ఫుల్‌స్కేపు మీద వరుస ఎక్కడ విరిగిందని ఏ సూపరింటెండెంటూ అడగలేదు. ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ వారే దాన్ని మామూలు పాఠంగానూ, వెబ్ పేజీగానూ, ఇంకా పలు రూపాల్లోనూ ఇస్తున్నారు. కనుక అభ్యంతరం ఉండదని నా అభిప్రాయం.

ఇదంతా అందచందాల గొడవ అనుకోకండి. అమెరికాలో 1996 నాటి ప్రోసీడీ కేసులో, తెర మీద షరతులు చూపి ఒప్పుకున్నాకే ప్రోగ్రాం నడిచింది గనుక కొన్నవాడు వాటికి కట్టుబడాలన్నారు. 2002లో నెట్‌స్కేప్ కేసులో షరతుల ప్రస్తావన డౌన్‌లోడ్ మీటకు దిగువన, తెర జరిపితే గాని కనబడనిచోట ఉంది. అలాంటప్పుడు మీట నొక్కినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదని అప్పీలు కోర్టు తీర్పిచ్చింది.

చాలా పెట్టెల్లో పాఠమంతా ఎంచుకుని నకలు తీయవచ్చు. దాన్ని వర్డ్‌లో అతికించి అక్షరం 16 సైజు చేసుకుంటే మన కళ్లద్దాలకు అందుతుంది. మనవణ్ణి ఆ పనికి పిలవండి. మీట మీరే నొక్కండి.