శీతల ప్లాస్మా క్రిమిసంహారం

ఈ వ్యాసం భౌతికశాస్త్రంలోని ప్లాస్మా గురించి. రక్తంలోని ప్లాస్మాతో దీనికి సంబంధం లేదు.

గాలిని విద్యుత్తుతో అయనీకరించి, తద్వారా వస్తువుల ఉపరితలంపై గల సూక్ష్మజీవులను నశింపజేయు పద్ధతిని శీతల ప్లాస్మా క్రిమిసంహారం అంటారు. ప్లాస్మాను పదార్థపు నాలుగవ స్థితిగా పరిగణిస్తారు. అయనీకరణం చెందిన వాయువుకు ఈ పేరును 1928లో ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ పెట్టాడు.

పనిచేయు విధానం

రెండు లోహపు పలకల మధ్య కొద్ది మిల్లీమీటర్ల ఖాళీ విడిచి, కనీసం ఒక పలకను గాజు లేదా పింగాణీతో కప్పి, వేల వోల్టుల ఏకాంతర విద్యుత్తును ప్రయోగిస్తారు. గాజు అడ్డుగా ఉన్నందున పెద్ద నిప్పురవ్వ పుట్టదు. సన్నని ఊదారంగు వెలుగు మాత్రమే కనిపిస్తుంది. ఎలక్ట్రానులు అత్యంత వేడిగా ఉన్నప్పటికీ గాలి గది ఉష్ణోగ్రతకు దగ్గరగానే ఉంటుంది. కనుక ప్లాస్టిక్ వస్తువులు కూడా కరగవు. గాలిలోని ఆక్సిజన్, నత్రజని, నీటి ఆవిరి నుండి ఓజోన్, పరమాణు ఆక్సిజన్, హైడ్రాక్సిల్, నత్రజని ఆక్సైడులు ఏర్పడి సూక్ష్మజీవుల కణత్వచాన్ని, ప్రోటీనులను దెబ్బతీస్తాయి. బాక్టీరియా సిద్ధబీజాలు మాత్రం అంత సులభంగా చావవు.

ఇటువంటి పరికరాన్ని వెర్నర్ వాన్ సీమెన్స్ 1857లోనే ఓజోన్ తయారీకి రూపొందించాడు. వాతావరణ పీడనం వద్దనే ప్లాస్మాతో సూక్ష్మజీవులను చంపవచ్చునని 1996లో మౌనిర్ లరూసీ ప్రకటించాడు. భారతదేశంలో ప్లాస్మా పరిశోధనకు ప్రధాన కేంద్రం గాంధీనగర్‌లో 1986లో ఏర్పడిన ప్లాస్మా పరిశోధనా సంస్థ.

కొల్లేరు ప్రాంతం దృష్ట్యా

ఏలూరు, కైకలూరు పరిసరాల చెరువులలో పెంచే బొచ్చె, శీలావతి చేపలను ఐసు వేసి పెట్టెలలో సర్ది లారీలలో పశ్చిమ బెంగాల్, ఈశాన్య రాష్ట్రాలకు పంపుతారు. ఇటువంటి పెట్టెలను, బల్లలను శుభ్రపరచడానికి సాధారణంగా క్లోరిన్ ద్రావణమే వాడుకలో ఉన్నది. ప్లాస్మాకు గాలి, విద్యుత్తు చాలు. రసాయనాలను నిల్వ చేయనక్కరలేదు. అయితే చేప జిగురు, నెత్తురు అంటుకొని ఉంటే వాటి చాటున బాక్టీరియా బ్రతికిపోతుంది. ఈ చిక్కు క్లోరిన్‌కూ ఉన్నదే. కాబట్టి ముందుగా కడగడం తప్పనిసరి. పెట్టె మూలలకు, పగుళ్ళకు ప్లాస్మా సరిగా చేరదు.

ఓజోన్ ఊపిరితిత్తులకు హానికరం. పనిచేయు చోట గాలిలో పది లక్షల పాళ్ళకు 0.1 పాలు మించరాదని అమెరికా నియమం. మూసిన గదులలో ఈ పరికరాలను వాడేవారు దీనిని మరువరాదు.

పరిమితులు

2020 డిసెంబరులో ఏలూరులో 600 మందికి పైగా మూర్ఛ, వాంతులతో ఆసుపత్రి పాలయ్యారు, ఒకరు మరణించారు. రోగుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్లు ఢిల్లీ ఎయిమ్స్ కనుగొన్నది. తరువాత పురుగుమందుల అవశేషాలే ముఖ్య కారణం కావచ్చునని రాష్ట్ర ప్రభుత్వం తెలిపింది. ఇటువంటి వాటికి ప్లాస్మా క్రిమిసంహారం విరుగుడు కాదు. కొన్ని పురుగుమందుల అణువులను ప్లాస్మా కొంతవరకు విడగొట్టగలదు గాని, సీసం మూలకం కనుక ఎంతసేపు ప్లాస్మా తగిలినా సీసంగానే మిగులుతుంది.