ఆకు మీద నిలబెట్టిన పిల్ల

గయానా నదుల రాకాసి కలువ 1849 నవంబరులో ఇంగ్లండులోని చాట్స్‌వర్త్‌లో, గాజు ఇంట్లో పూసింది. క్యూ తోటలో ఎంత ప్రయత్నించినా అప్పటికింకా పూయలేదు. జోసెఫ్ పాక్స్‌టన్ బొగ్గు మండించి తొట్టి నీళ్ళు వెచ్చబెట్టాడు, చిన్న చక్రాలతో వాటిని నదిలా కదిలించాడు. బొగ్గు మోసినవాళ్ళెవరో మనకు తెలియదు.

అక్కడివాళ్ళ పేర్లు పక్కకి నెట్టి అంతకుముందే దానికి విక్టోరియా రాణి పేరు పెట్టేశారు. నిజానికీ పువ్వు మొదటి రాత్రి తెల్లగా, ఆడపువ్వుగా విచ్చుకుంటుంది. మర్నాడు రాత్రికి గులాబీరంగు మగపువ్వవుతుంది! రాణి పేరు పెట్టినవాళ్ళకి ఇది తెలిసుంటే ఏమనేవాళ్ళో.

ఆకు బలం చూపడానికి పాక్స్‌టన్ తన చిన్న కూతురు ఆనీని దానిమీద నిలబెట్టాడు. బొమ్మ పత్రికకెక్కింది. 1851లో క్రిస్టల్ ప్యాలెస్ కట్టి ఆయన 'సర్' అయ్యాడు. ఆ నీళ్ళ మధ్య ఆనీకి భయమేసిందా అన్నది మాత్రం బొమ్మలో లేదు.