ఉబ్బ బాన

సబ్బు రాకముందు బట్టలు ఎలా తెల్లబడేవని మా మనవలు అడుగుతారు. చౌడుతో అంటే నవ్వుతారు. మాది నల్లగొండ వైపు పల్లె, రజకుల ఇల్లు. మా నాయినమ్మ వెంట రేవుకు తిరిగి పెరిగినవాణ్ణి గనక ఈ సంగతి కాస్త గట్టిగానే చెప్పగలను.

ఎండలు ముదిరాక చవిటి నేలల్లో తెల్లవారేసరికి తెల్లటి పొర తేలేది. దాన్ని ఊడ్చి, గంపలకెత్తి, గాడిదల మీద తోలుకొచ్చి పాకలో కుప్ప పోసేవారు. నాలుగు చినుకులు పడితే కరిగిపోయే సరుకు. అందుకే ఏడాదికి సరిపడా అప్పుడే కూడబెట్టాలి. అందులో పనిచేసేది ముఖ్యంగా సోడియం కార్బొనేట్. ఇప్పుడు దుకాణంలో దొరికే చాకలి సోడా అదే.

నాయినమ్మ బట్టల్ని చౌడు నీళ్లలో ముంచి, పిండీ పిండకుండా తీసి, బాన మూతి చుట్టూ వరస మీద వరస పేర్చేది. బానలో నీళ్లు, కింద తుమ్మ మొద్దుల మంట, పైన తడి గోనెపట్టా. రాత్రంతా ఆవిరి అడుగు వరస నుంచి పైదాకా పాకాలి. దీన్నే ఉబ్బ వేయడమంటారు. మధ్యరాత్రి లేచి పై వరసలో చెయ్యి దూర్చేది. చెయ్యి ఉంచగలిగితే ఉబ్బ ఇంకా ఎక్కలేదని ఇంకో మొద్దు ఎగదోసేది. తెల్లారగట్ల రేవుకు, బండకు. ఆ వేడికి ఒంటి జిడ్డూ చౌడులోని క్షారమూ కలిసి బట్టలోనే కొంత సబ్బు పుడుతుందని నేను చాలా ఏళ్ల తర్వాత చదువుకున్నాను. ఆమెకు ఆ లెక్కతో పనిలేదు.

ఇంతకీ ఆ బానకు వచ్చే బట్టలేమిటి? పురుటి గుడ్డలు, ముట్టు గుడ్డలు, పీనుగ లేచిన పక్కబట్టలు, గత్తర తగిలిన ఇంటి దుప్పట్లు. ఇంటివాళ్లు ముట్టుకుంటే మైల అనుకున్నవన్నీ మా వాకిట్లో పడేవి. అమ్మవారు పోసిన ఇంట్లో తల్లి దిగేదాకా చాకలికి బట్టలు వేసేవారు కాదు. స్నానాలయ్యాక ఆ మూట ఒక్కసారిగా వచ్చేది. మశూచి పొక్కుల చెక్కుల్లో వైరస్ నెలల తరబడి బతికి ఉండగలదు. ఆవిరి దాన్ని చంపుతుంది, నిజమే. కానీ మూట విప్పి దులిపేది ఆవిరికి ముందు కదా! ఇంగ్లండులో ఆస్పత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీ మనుషులకు మశూచి సోకిన ఉదంతాలు వైద్యచరిత్రలో ఉన్నాయి. మా రేవుల్లో ఎంతమందికి సోకిందో రాసిపెట్టినవాడు లేడు.

1847లో వియన్నా ఆస్పత్రిలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, పురుళ్లు పోసే ముందు క్లోరిన్ సున్నపు నీళ్లలో చేతులు కడుక్కోమన్నాడు. బాలింతల చావులు ఒక్కసారిగా పడిపోయాయి. అయినా పెద్ద డాక్టర్లు చాలామంది ఒప్పుకోలేదు, పెద్దమనుషుల చేతులకు మురికేమిటని! మా ఊళ్లో ఆ చిక్కు లేదు. మురికి ఎవరి చేతికి అంటాలో ముందే పంచేశారు.

కలకత్తా రేవులో సన్‌లైట్ సబ్బు పెట్టెలు దిగింది 1888లో. 1895లో లైఫ్‌బాయ్ వచ్చింది. జోసెఫ్ లిస్టర్ గాయాలకు వాడిన కార్బాలిక్ ఆమ్లం కలిపిన ఎర్ర సబ్బు అది. ఆ వాసనకే రోగాలు పారిపోతాయని మావాళ్లు నమ్మేవారు. నిజానికి కరోనా లాంటి వైరస్‌ల విషయంలో ఆ వాసన అవసరమే లేదు. ఏ సబ్బైనా ఒక కొసతో నీటిని, రెండో కొసతో కొవ్వును పట్టుకుంటుంది. కరోనా వైరస్ పైపొర కొవ్వుదే కాబట్టి అది చీలిపోతుంది. పోలియో వైరస్‌కు, వాంతులు తెప్పించే నోరోవైరస్‌కు ఆ పొర లేదు. అవి సబ్బుకు చావవు, రుద్ది కడిగితే కొట్టుకుపోతాయంతే. బట్టకు అంటితే వేడో, క్లోరినో కావాలి. ఉబ్బ బానలో క్షారమూ ఉంది, వేడీ ఉంది. 2020లో వీధుల్లో హైపోక్లోరైట్ పిచికారీ చేస్తుంటే, ఈ మందేదో ఆస్పత్రి పక్కబట్టలకు పోస్తే బాగుండునని నాకనిపించింది. వీధుల్లో చల్లితే లాభం లేదని ఆ మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది.

1969లో అహ్మదాబాదులో మొదలైన నిర్మా పొడి లాంటివి పల్లెకు చేరాక ఎవరిళ్లలో వాళ్లు ఉతుక్కోసాగారు. బాన చల్లబడింది. నాకేం బెంగ లేదు, ఆ పొగలో నాయినమ్మ కళ్లు పోయాయి.

ఆస్పత్రి బట్టల్ని వేడినీళ్లలో ఉతికితే కనీసం 71 డిగ్రీల వేడిలో 25 నిమిషాలు ఉంచాలని అమెరికా వాళ్ల మార్గదర్శకాలు చెబుతాయి. మైల మూట విప్పేవాళ్లకు గ్లౌజులు ఇవ్వాలనీ, మూటను దులపకూడదనీ అందులోనే ఉంటుంది. మా నాయినమ్మకు దక్కింది కల్లం దగ్గర మేర గింజలు, అవీ పంట పండిన ఏడు.