స్టాలిన్ ఎదురుగా రేపల్లె తాలూకా మనిషి

మొన్న సంక్రాంతికి ఊరెళ్తూ తెనాలిలో దిగి రేపల్లె ప్యాసింజర్ ఎక్కాను. కారు పంపిస్తానంటే రైలెందుకురా అని నాన్న గొణుగుడు. నాకేమో ఆ బండంటే చిన్నప్పటి నుంచీ ఇష్టం. వేమూరు దాటేసరికి ఎదురు సీట్లో ఇద్దరు పెద్దాయనలు రాజకీయాల్లోకి దిగారు. "వాళ్ళ ప్రచారానికి డబ్బంతా బయటి దేశాల నుంచే వస్తంది" అన్నాడు ఒకాయన. "మీవాళ్ళకి రావట్లేదా ఏంటి?" అన్నాడు రెండో ఆయన. భట్టిప్రోలు వచ్చేసరికి ఒకాయన చైనా ఏజెంటు, ఇంకొకాయన అమెరికా ఏజెంటు అయిపోయారు. రేపల్లెలో దిగి ఇద్దరూ ఒకే ఆటోలో వెళ్ళారనుకోండి, అది వేరే సంగతి.

ఇంటికెళ్ళి తాతయ్యకి చెబితే నవ్వాడు. "ఒరే, ఈ మాట నేను పన్నెండేళ్ళప్పటి నుంచీ వింటున్నా" అన్నాడు. తాతయ్యకి పన్నెండేళ్ళంటే 1955. అక్కణ్ణుంచి మొదలుపెట్టి నాకు తోచినంత తవ్వాను. తవ్విన కొద్దీ మన డెల్టానే కనపడింది. ఈ టపా అందుకే.

1954 నవంబరులో ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం మద్యనిషేధం మీద వచ్చిన అవిశ్వాస తీర్మానంలో పడిపోయింది. రాష్ట్రం పుట్టి అప్పటికి పదమూడు నెలలు. 1955 ఫిబ్రవరిలో ఎన్నికలు పెట్టారు. అంతకు ముందు, 1952లో, ఆంధ్ర ప్రాంతంలోని 140 స్థానాల్లో కమ్యూనిస్టులు 41 గెలిచారు. ఈసారి ప్రభుత్వమే మాదన్నారు. ఢిల్లీకి గుండె గుభేలుమంది. కాంగ్రెస్సు బొంబాయి నుంచి ఎస్.కె. పాటిల్‌ని ప్రచారం నడిపించడానికి పంపింది. ప్రకాశం గారి ప్రజా పార్టీని, మన నిడుబ్రోలు రంగా గారి కృషికార్ లోక్ పార్టీని కలుపుకుని ఒకే ఫ్రంటు కట్టింది. నెహ్రూ స్వయంగా వచ్చి తిరిగారు. నార్ల వెంకటేశ్వరరావు ఆంధ్రప్రభలో కమ్యూనిస్టుల్ని ఉతికి ఆరేస్తుంటే, విశాలాంధ్ర ఇటు నుంచి జవాబు చెప్పేది. శ్రీశ్రీ కమ్యూనిస్టుల తరఫున ఊరూరా తిరిగాడు.

ఆ ప్రచారంలో కాంగ్రెస్సు వాళ్ళ అసలు ఆయుధం ఒక్క మాట: "వీళ్ళు రష్యా మనుషులు." అవతలి వాళ్ళ జవాబు: "మీరు డాలర్ల మనుషులు." తాతయ్యకి గుర్తున్నది గోడల మీద రాతలు, మేళం బళ్ళు, ఇంకా వాళ్ళ ఊళ్ళో రచ్చబండ దగ్గర ఒక మేష్టారు కరపత్రం చదివి వినిపించడం. ఆ కరపత్రం గమ్మత్తయింది. దాంట్లో ఉన్నది రష్యా పత్రిక ప్రావ్దా సంపాదకీయం!

అదెలాగంటే, ఆ జనవరిలోనే ప్రావ్దా నెహ్రూ విదేశాంగ విధానాన్ని మెచ్చుకుంటూ సంపాదకీయం రాసింది. మాస్కోకి అప్పటికి ఢిల్లీతో స్నేహం కావాలి. కాంగ్రెస్సు వాళ్ళు దాన్ని అచ్చేసి ఊరూరా పంచారు. కమ్యూనిస్టులు రష్యా మాట వింటారు కాబట్టి చెడ్డవాళ్ళు, రష్యాయే మమ్మల్ని మెచ్చుకుంది కాబట్టి మేము మంచివాళ్ళం. ఈ రెండు వాక్యాలూ ఒకే మీటింగులో, ఒకే మైకులో! జనం చప్పట్లు కొట్టారు. పాపం ఇక్కడి కమ్యూనిస్టులు ఏం చెప్పుకోవాలి? ప్రావ్దా తప్పు రాసిందనలేరు, ఒప్పు రాసిందనీ అనలేరు.

ఫలితాల్లో కాంగ్రెస్సు ఫ్రంటుకి 196లో 146 వచ్చాయి. కమ్యూనిస్టులకి 15. తెనాలిలో కాంగ్రెస్సు తరఫున ఆలపాటి వెంకటరామయ్య గారు గెలిచారు. విదేశీ ఏజెంట్లని జనం ఛీ కొట్టారని అప్పుడు రాశారు, ఇప్పటికీ కొందరు రాస్తారు. ఒక్క నిమిషం ఆగి లెక్క చూడండి. కమ్యూనిస్టులకి ఆ ఎన్నికల్లో 31 శాతం ఓట్లు వచ్చాయి. 1952 కన్నా పెరిగాయి (ఎక్కువ చోట్ల పోటీ చేశారనుకోండి). 31 శాతం ఓట్లకి ఎనిమిది శాతం సీట్లు కూడా రాలేదు. 1952లో నలుగురు నాలుగు వైపులా చీల్చుకున్న ఓటు ఈసారి ఒక్క పెట్టెలో పడింది. అంతే. ప్రొడక్షన్‌లో ఏదన్నా పడిపోతే మనం ముందు వెండర్ మీద తోసేసి, తర్వాత తీరిగ్గా మన కాన్ఫిగరేషనే తప్పని తెలుసుకుంటాం చూడండి, అలాంటిదే ఇదీ.

లెక్క కింద ఇంకో సంగతుంది, అది భూమి. గెలిస్తే మిగులు భూములు పంచుతామని కమ్యూనిస్టులు చెప్పారు. కృష్ణా కాలవ కింద మాగాణి ఉన్నవాడికి ఆ మాట ఎలా వినపడుతుందో, కూలికెళ్ళేవాడికి ఎలా వినపడుతుందో మనవైపు వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఆ మాట మీద వాదించుకోవడం కష్టం, ఎందుకంటే వాదించాలంటే ఎవడి పొలం ఎంతో బయటకి రావాలి. మాస్కో మీద వాదించుకోవడం సుఖం. మాస్కోలో మనకెవరికీ పొలం లేదు.

మరైతే రష్యా సంబంధం అంతా అబద్ధమా? కానే కాదు. నేను తవ్వుతుండగా నోరెళ్ళబెట్టింది ఇక్కడే.

1951 ఫిబ్రవరి 9న మాస్కోలో స్టాలిన్ ఎదురుగా నలుగురు భారతీయులు కూర్చున్నారు. డాంగే, అజయ్ ఘోష్, చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య. ఈ చివరాయన రేపల్లె తాలూకా తూర్పుపాలెంలో పుట్టాడు. అప్పటికి ముప్పై ఆరేళ్ళు. మద్రాసు రాష్ట్రంలో పార్టీ మీద నిషేధం, పోలీసులు వెతుకుతున్నారు. కలకత్తాలో సోవియట్ ఓడలో కూలివాళ్ళలా ఎక్కి వెళ్ళారని మోహిత్ సేన్ ఆత్మకథలో ఉంది. ఆ సంభాషణల రికార్డు రష్యా ఆర్కైవ్స్ నుంచి తర్వాత బయటకొచ్చి అచ్చయింది కూడా. అంటే 1955లో గోడల మీద రాసినవాళ్ళకి చేతికి దొరకని "సాక్ష్యం" నిజంగానే ఉంది! రహస్యంగా విదేశానికి వెళ్ళారు, ఆ దేశాధినేతని కలిశారు, సలహా అడిగారు. ఇవాళ ఏ పార్టీ వాడైనా ఇలా చేసి దొరికితే టీవీల్లో వారం రోజులు అదే.

అయితే ఆ గదిలో ఏం జరిగిందో చూడండి. తెలంగాణ సాయుధ పోరాటం అప్పటికింకా నడుస్తోంది. చైనా దారిలో పోదామని మన ఆంధ్ర నాయకుల పట్టు. ఘోష్, డాంగే దానికి ఎదురు. తీర్పు చెప్పమని నలుగురూ వెళ్ళారు. స్టాలిన్ చెప్పిందాని సారం ఏంటంటే, చైనా వాళ్ళకి వెనకాల మా సరిహద్దు ఆనుకుని ఉంది, మీకు అలాంటి వెనకదన్ను లేదు, మీది చైనా కాదు అని. వాళ్ళు తిరిగొచ్చాక రష్యా దారీ కాదు, చైనా దారీ కాదు అని పార్టీ కొత్త పంథా రాసుకుంది. 1951 అక్టోబరులో పోరాటం విరమించారు. మూణ్ణెల్లు తిరక్కుండా ఎన్నికల్లో నిలబడి ఆ 41 సీట్లు తెచ్చుకున్నారు. మాస్కో ప్రయాణం తర్వాత జరిగింది తుపాకులు దించి ఓటు పెట్టె దగ్గరకి రావడం. ఆ రోజు విదేశీ సలహా భారత ప్రభుత్వానికే ఎక్కువ పనికొచ్చింది. ఇది నా లెక్క, మీరు ఒప్పుకోకపోవచ్చు.

ఇదంతా తాతయ్యకి చెబితే కాసేపు ఏం మాట్లాడలేదు. "అయితే వెళ్ళింది నిజమేనన్నమాట" అన్నాడు. ఆయన మూగబోవడానికి కారణం ఉంది. మా పెద్దతాతయ్య, అంటే తాతయ్య వాళ్ళ అన్నయ్య, పార్టీ సభ్యుడు కూడా కాదు. పార్టీ వాళ్ళ నాటకంలో ఒకసారి వేషం వేశాడంతే. యాభైల్లో ఒక ఆఫీసులో ఉద్యోగం వచ్చింది, పోలీస్ వెరిఫికేషన్ దగ్గర పోయింది. కారణం రాసివ్వలేదు, నోటితో చెప్పారట, "నీ మీద రష్యా మార్కు ఉందయ్యా" అని. తెనాలే సరిగ్గా చూడని మనిషి. చచ్చేదాకా కొట్టు పెట్టుకుని బతికాడు. ఇలాంటివి చట్టప్రకారమే జరిగాయి మరి. కమ్యూనిస్టులన్న పేరుతో 1949 నాటి రైల్వే భద్రతా నిబంధనల కింద కొందరు రైల్వే ఉద్యోగుల్ని తీసేస్తే, బాలకోటయ్య వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు 1957లో ఆ తీసివేతల్ని సమర్థించింది.

ఇక తెనాలి సంగతి. 1942 ఆగస్టు 12న తెనాలి స్టేషన్ దగ్గర కాల్పుల్లో ఏడుగురు పోయారు. రణరంగ చౌక్ అందుకే. అప్పుడు కమ్యూనిస్టులు క్విట్ ఇండియాలో చేరలేదు. హిట్లర్ రష్యా మీద పడ్డాడు కాబట్టి ఇది ప్రజాయుద్ధం అన్నారు. అప్పుడు వాళ్ళ మీద పడ్డ ముద్ర బ్రిటిష్ ఏజెంట్లని. ఆ ఒక్కదాంట్లో మాత్రం రష్యాని చూసి ఇక్కడి నిర్ణయం తీసుకున్నారన్న నింద నిలబడుతుందనే నా అభిప్రాయం.

మళ్ళీ అదే తెనాలిలో 1964 జులై 7 నుంచి 11 దాకా చీలిక వర్గం మహాసభ జరిగింది. అక్కడి నుంచే సి.పి.ఎం. పుట్టింది. సభలో మావో ఫొటో పెద్దది పెట్టారు. చైనాతో యుద్ధం అయి రెండేళ్ళు కూడా కాలేదు! ఇంకేం కావాలి? ఆ డిసెంబరు ఆఖర్లో దేశమంతటా వందల మంది నాయకుల్ని లోపలేశారు. హోం మంత్రి గుల్జారీలాల్ నందా కొత్త సంవత్సరం నాడు రేడియోలో వీళ్ళు చైనా కోసం పనిచేస్తున్నారన్నారు. వీళ్ళేమైనా తక్కువ తిన్నారా? చీలిక ముందు, 1924లో డాంగే జైలు నుంచి బ్రిటిష్ ప్రభుత్వానికి రాశాడన్న ఉత్తరాలు బయటకి తీసి, డాంగేని బ్రిటిష్ వాళ్ళ మనిషన్నారు. అవి ఫోర్జరీ అని డాంగే. పదమూడేళ్ళ కిందట స్టాలిన్ ఎదురుగా పక్కపక్కన కూర్చున్న వాళ్ళలో ఒకరు ఇప్పుడు బ్రిటిష్ ఏజెంటు, ఇంకొకరు చైనా ఏజెంటు!

ఈ చైనా ఏజెంట్లకి చైనా ఏం చేసిందో తెలుసా? 1967లో నక్సల్బరీ రాగానే పీకింగ్ పత్రికలు నక్సలైట్లని ఆకాశానికెత్తి, సి.పి.ఎం.ని రివిజనిస్టులని తిట్టిపోశాయి. సి.పి.ఎం. కూడా చైనా పార్టీ తప్పని తీర్మానాలు చేసింది. ముద్ర మాత్రం చెరగలేదు. మా వీధిలో ఇప్పటికీ ఒకాయన్ని "చైనా బాబాయ్" అంటారు. ఆయన చైనా వస్తువు అంటూ కొన్నది ఎమర్జెన్సీ లైటు ఒక్కటే.

డాలర్ల సంగతి కూడా చెప్పాలి కదా, లేకపోతే నా మీదా ఏదో మార్కు పడుతుంది. డెబ్బైల్లో ఢిల్లీలో అమెరికా రాయబారిగా చేసిన మొయినిహాన్ 1978లో అచ్చయిన తన పుస్తకంలో రాశాడు, కమ్యూనిస్టుల్ని ఓడించడానికి కేరళలో ఒకసారి, బెంగాల్లో ఒకసారి కాంగ్రెస్సుకి డబ్బిచ్చామని. ఆంధ్ర పేరు ఎత్తలేదు. కేరళ వ్యవహారంలో మధ్యవర్తి ఎస్.కె. పాటిల్ అని, అప్పట్లో ఢిల్లీ అమెరికా ఎంబసీలో లేబర్ అటాషేగా ఉన్న డేవిడ్ బర్జెస్ తర్వాత ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. 1955లో మన ఊళ్ళలో రష్యా మనుషుల్ని తరిమేయండని ప్రచారం నడిపించిన ఆ పాటిలే. ఆయన ఆహార మంత్రిగా 1960లో వాషింగ్టన్ వెళ్ళి పి.ఎల్. 480 గోధుమల ఒప్పందం మీద సంతకం పెట్టారు. అది బహిరంగంగా జరిగిన పనే, ఆ గోధుమలు మన రేషన్ షాపులకీ వచ్చాయి. మన బాపట్ల వ్యవసాయ కాలేజీ చేరిన విశ్వవిద్యాలయాన్ని అరవైల్లో కట్టుకోవడానికి అమెరికాలోని కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు సాయం చేశారు. బాపట్లలో ఎవరూ దాన్ని కుట్ర అనలేదు, అనక్కర్లేదు కూడా.

చివరగా ఒకటి, ఇది మన కాలంది. 2014 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కాంగ్రెస్సూ, బీజేపీ రెండూ విదేశీ విరాళాల చట్టాన్ని ఉల్లంఘించాయని తీర్పిచ్చింది. వేదాంత గ్రూపు కంపెనీల నుంచి విరాళాలు తీసుకున్న కేసు అది. తర్వాత 2016 ఫైనాన్స్ చట్టంలో "విదేశీ" అన్న మాట నిర్వచనాన్ని మార్చారు. అది చాలక 2018లో ఆ మార్పుని 1976 నుంచే వర్తించేట్టు వెనక్కి జరిపారు. పార్లమెంటులో పెద్ద చర్చ కూడా లేదు. రైల్లో పోట్లాడుకున్న ఆ ఇద్దరు పెద్దాయనలూ ఈ ముక్క ఎత్తలేదు.

తా.క.: 1962లో రేపల్లెలో కమ్యూనిస్టు అభ్యర్థి కొరటాల సత్యనారాయణ గారు గెలిచారు. రష్యా మనుషుల్ని ఛీ కొట్టారన్న ఏడేళ్ళకే. తాతయ్యకి అప్పుడు ఓటు లేదు, వయసు చాల్లేదు. పెద్దతాతయ్యకి ఉంది. ఎవరికేశాడో ఎప్పుడూ చెప్పలేదట.