కాయితం చదివేవాళ్ళు

చరిత్రలో రాయించినవాళ్ళున్నారు, రాసినవాళ్ళున్నారు. శాసనం వేయించిన రాజు పేరుంటుంది, చెక్కినవాడి పేరూ కొన్నిచోట్ల వుంటుంది. రాసినదాన్ని జనం తరపున కూర్చుని చదివి, "ఈ మాటకి అర్థమేంటి?" అని నిలదీసే ఉద్యోగి మాత్రం ఏ పాఠంలోనూ కనిపించడు. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్తాను. నేను చెప్పే పుస్తకంలోనూ అతను లేడు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. చదువులేని ఇంట్లో పుట్టినోడికి, చదివిపెట్టేవాడి విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. అందుకే ఆ ఉద్యోగి చరిత్ర వెతికాను.

మా వాడకి కాయితమంటే ప్రోనోటు. మా తాత ఆసామి దగ్గర పాలేరు. అత్త పెళ్ళికని తీసుకున్న అప్పుకి రెవెన్యూ స్టాంపు మీద యేలిముద్ర వేశాడు. మూడేళ్ళు దాటితే నోటుకి కాలదోషం పడుతుంది. అందుకని గడువు దగ్గరపడేసరికి ఆసామి కొత్త నోటు తెచ్చేవాడు. వడ్డీ అసల్లో కలిసేది. తాత మళ్ళీ యేలు పెట్టేవాడు. నోటు మీద ఎంతుందో ఆసామి చెప్పిందే లెక్క. చదివిపెట్టటానికి వాడలో చదువుకున్నోడు లేడు. కరణం చదవగలడు. కానీ కరణం కూర్చునేది ఆసామి అరుగు మీదే. ఆ నోటులో ఏం రాసుందో తాత చనిపోయేదాకా తెలుసుకోలేదు.

షేర్లు, ఫండ్ల లోకంలో వరస వేరుగా వుంటుంది. అక్కడ డబ్బిచ్చేది వేలమంది చిన్నాచితకా జనం, తీసుకునేది కంపెనీ. కానీ కాయితం రాసేది మాత్రం కంపెనీయే. ఇచ్చేవాడైనా, తీసుకునేవాడైనా, బలమున్నోడే రాస్తాడు. రెండోవాడు సంతకం పెడతాడు. ఈ సంగతి ప్రభుత్వాల తలకెక్కటానికి చాలా కాలం పట్టింది.

1911లో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం ఒక చట్టం చేసింది. వాటాలమ్మదలచినవాడు ముందు బ్యాంకు కమిషనర్ దగ్గరికి రావాలి, కాయితాలు చూపాలి, ఆయన సరేనంటేనే అమ్ముకోవాలి. నీలాకాశాన్ని కూడా ముక్కలు చేసి అమ్మేసే మోసగాళ్ళని ఆపేవని ఇట్లాంటి వాటికి నీలాకాశ చట్టాలని పేరొచ్చింది.

అదే దశాబ్దంలో మన బొంబాయిలో ఒకాయన ఇలాంటి పనే పెట్టుకున్నారు. ప్రభుత్వ ఉద్యోగంగా కాదు, సొంతంగా. కొలంబియాలో అర్థశాస్త్రం చదివి, లండన్ చదువు మధ్యలో ఆపుకుని 1917లో తిరిగొచ్చిన బాబాసాహెబ్ అంబేడ్కర్. వాటాల వ్యాపారం చేసేవాళ్ళకి సలహాలిచ్చే చిన్న సంస్థ తెరిచారు. మొదట జనం వచ్చారు. సలహా ఇచ్చేది మహర్ అని తెలిశాక రావటం మానేశారు. లెక్క తప్పని కాదు, లెక్కేసిన చెయ్యి అంటరానిదని. 1918 నవంబరులో ఆయన సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసరుగా చేరారు. రాజ్యాంగం రాసిన అంబేడ్కర్ మన పిల్లలకి తెలుసు. వాటాల కాయితాలు చదివిన అంబేడ్కర్ కూడా తెలియాలి.

ఇక అమెరికాలో 1920లలో ఫండ్ల జాతర నడిచింది. పదిమంది డబ్బు పోగుచేసి ఒకే చోట నుంచి రకరకాల వాటాలు కొంటామనే సంస్థలవి. 1928లో గోల్డ్‌మన్ శాక్స్ పెట్టిన ట్రేడింగ్ కార్పొరేషన్ 104 డాలర్లకి అమ్మిన వాటా, 1929 పతనం తర్వాత రెండు డాలర్ల లోపుకి దిగింది. లోపల ఏముందో, ఎవరి సరుకు ఎవరికంటగట్టారో కొన్నవాళ్ళకి తెలియదు. 1933లో ఒక చట్టం, 1934లో ఇంకోటి వచ్చాయి. కాయితాలు చదవటానికే ఎస్.ఇ.సి. అనే సంస్థ పుట్టింది. 1935లో ఆ దేశపు పార్లమెంటు ఫండ్ల మీద విచారణ చెయ్యమంది. డేవిడ్ షెంకర్ అనే ప్రభుత్వ న్యాయవాది ఆ విచారణలో ముఖ్యుడు. అందులోంచి వచ్చిందే 1940 నాటి ఇన్వెస్ట్‌మెంట్ కంపెనీల చట్టం.

ఇక్కడ ఒక మెలిక వుంది. మనోళ్ళకి తెలియాల్సింది అదే. కాన్సస్ కమిషనర్ లాగా ఇది మంచిది, ఇది చెడ్డది అని కొత్త చట్టం తేల్చలేదు. ఉన్నది వున్నట్టు రాయి, కొనాలో వద్దో కొనేవాడు చూసుకుంటాడు అంది. పైగా ఎస్.ఇ.సి. దీన్ని ఆమోదించిందని చెప్పుకోవటం నేరమంది. ప్రభుత్వ న్యాయవాది చదివాడంటే ప్రశ్నలడిగాడని అర్థం. హామీ ఇచ్చాడని కాదు.

మన దేశంలో కథ ఇంకోలా నడిచింది. 1963 చట్టంతో యూనిట్ ట్రస్ట్ పుట్టింది. 1964లో యు.ఎస్.-64 అనే పథకం తెచ్చింది. ప్రభుత్వానిది కదా అని ఉద్యోగులు, పెన్షన్‌దార్లు డబ్బు పెట్టారు. దానికి సొంత చట్టముంది కాబట్టి, 1992లో సెబీకి చట్టబద్ధ అధికారం వచ్చాక కూడా ఆ పథకం సెబీ చదువు కిందికి రాలేదు. యూనిట్ అసలు విలువెంతో జనానికి చెప్పలేదు. 2001 జూలైలో అమ్మకాలూ వాపసులూ ఆపేశారు. ఆ తర్వాత విలువ ప్రకటిస్తే 10 రూపాయల ముఖవిలువ కన్నా తక్కువ తేలింది. 2002లో ఆ పాత చట్టాన్నే రద్దు చేశారు. సర్కారు సంస్థ కాయితాన్ని కూడా ఇంకొకడు చదవాలని అప్పుడు తెలిసొచ్చింది.

సెబీ నిబంధనల ప్రకారం, కొత్త పథకం తెచ్చే ఫండు ముందు దాని పత్రాన్ని సెబీకి దాఖలు చెయ్యాలి. మదుపుదారుడు తెలిసి నిర్ణయం తీసుకునేందుకు సరిపడా సంగతులు అందులో వుండాలి. సెబీ మార్పులు చెప్పొచ్చు. ఈ పని చేసే ఆఫీసర్లలో మా సాంఘిక సంక్షేమ హాస్టల్ నేస్తం ఒకడు. లా చదివి, పరీక్ష రాసి ముంబై బాంద్రా-కుర్లా కాంప్లెక్సుకి పోయాడు. ఒకే దుప్పటి కింద పడుకున్నోళ్ళం. సెలవులకొచ్చినప్పుడు అడిగాను.

"ఏం చేస్తావురా రోజంతా?"

"చదువుతాన్రా. నూరు పేజీలు. పేరేమో సురక్షితమన్నట్టుంటది. డబ్బు ఎక్కడ పెడతావంటే ఇంకెక్కడో వుంటది. నష్టమొచ్చే సంగతి నలభయ్యో పేజీలో ఎందుకు పెట్టావని అడుగుతాను. ఖర్చు పేరుతో ఏటా ఎంత కోస్తావని అడుగుతాను. వాళ్ళు తిరిగి రాసుకొస్తారు. నేను మళ్ళీ చదువుతాను."

"నీ పేరు చూసి ఎవరన్నా..."

"ఆఫీసులో ఏ కోటా అని అడిగినోళ్ళున్నారు. ఫండోళ్ళు మాత్రం నా ప్రశ్నకి జవాబు రాయాల్సిందే. కులం చూసి మానేస్తే వాళ్ళ పథకం కదలదు."

ఆ మాట విన్నాక నాకు 1917 గుర్తొచ్చింది. అదే నగరంలో బాబాసాహెబ్ సలహా వద్దనుకునే వీలు జనానికుంది. ఇప్పుడు ఆ వీలు లేదు. ప్రైవేటు సలహాదారుణ్ణి వదిలేసి పోవచ్చు, ప్రభుత్వ కుర్చీని వదిలేసి పోలేరు. రిజర్వేషన్ అంటే జీతం రాళ్ళు అనుకునేవాళ్ళు దీన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

వాడు చెప్పిన పేరు గొడవ ఉత్త మాట కాదు. ఫండు పేరు ఏ రకం పెట్టుబడి అని చెప్తుందో, కనీసం 80 శాతం డబ్బు అందులోనే వుండాలని అమెరికాలో 2001లో రూలు పెట్టాల్సొచ్చింది. మా పేర్లు చూసి మాలో ఏముందో ఊరు ఇట్టే తేల్చేస్తుంది. డబ్బున్నోళ్ళ పేరులో ఏముందో చెప్పించటానికి చట్టం కావాల్సొచ్చింది.

చదవటం వల్ల ఎంత బయటపడుతుందో సహారా కేసు చెప్తుంది. 2009లో ఆ గ్రూపు కంపెనీ ఒకటి వాటాలమ్మటానికి సెబీకి ముసాయిదా పెట్టుకుంది. దాన్ని చదువుతుంటే, అదే గ్రూపులో ఇంకో రెండు కంపెనీలు జనం దగ్గర డబ్బు వసూలు చేస్తున్న సంగతి తేలింది. 2011 జూన్‌లో సెబీ సభ్యుడు కె.ఎం. అబ్రహాం డబ్బు వాపసివ్వమని ఉత్తర్వు రాశారు. 2012 ఆగస్టు 31న సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. దాదాపు 24 వేల కోట్లు, 15 శాతం వడ్డీతో. కంపెనీ 127 లారీల్లో కాయితాలు పంపింది. పేర్లకి సరైన అడ్రసులు లేవని కోర్టులో పెద్ద చర్చ. దొంగ పేర్లా, నిజం మనుషులా? నాకైతే ఇంకో సంగతి తట్టింది. మా వాడ ఇళ్ళకి నంబర్లు నేను హైస్కూలుకొచ్చాక పడ్డాయి. అంతకుముందు మా అమ్మ ఎక్కడన్నా డబ్బు కట్టుంటే ఆమెకీ అడ్రసు లేదు. అడ్రసు లేని పేదోడు కోర్టు కాయితంలో దొంగ పేరుతో కలిసిపోతాడు.

మా అమ్మ నిజంగానే కట్టింది, కాకపోతే ఇంకో కంపెనీకి. మిరపకాయ కోతల కూలి డబ్బులు, నెలనెలా, ఐదేళ్ళు. ఏజెంటు మా వాడ పిల్లోడే. "రిజిస్టర్ కంపెనీ పిన్నీ, సర్కారు నంబరుంది" అన్నాడు. నంబరున్న మాట నిజమే. కంపెనీ పుట్టిందని చెప్పే నంబరది. జనం డబ్బు పోగుచెయ్యొచ్చని చెప్పే నంబరు కాదు. కంపెనీ తలుపులు మూసింది, పిల్లోడు ఊరొదిలాడు. అతని తల్లి ఇప్పటికీ మా అమ్మ ఎదురుపడితే తలొంచుకుని పోతుంది. ఆ కంపెనీ కాయితం ఏ ప్రభుత్వ న్యాయవాది బల్ల మీదికీ ఎక్కలేదు. దాఖలైన కాయితాన్నే చదవగలరు గానీ, దాఖలు కానిదాన్ని ఎవరు చదువుతారు?

దాఖలైనది కూడా చాలామట్టుకు ఇంగ్లీషులోనే మన చేతికొస్తుంది. సెబీ 2013లో రంగులు పెట్టింది, 2015లో ముల్లు తిరిగే బొమ్మ పెట్టింది, ప్రమాదం ఎంతో చూడగానే తెలియాలని. మంచిదే. కానీ బొమ్మ ప్రశ్నలడగనివ్వదు. ప్రశ్నలడగాలంటే తెలుగులో కాయితం కావాలి. మా నేస్తం లాంటివాళ్ళు ముంబైలోనే కాదు, ప్రతి వాడలోనూ వుండాలి.

అందుకే పదో తరగతి పిల్లలకి సిలబస్‌లో లేని మూడు ప్రశ్నలు నేర్పుతున్నాను. ఈ కాయితం రాసిందెవరు? అమ్మే ముందు దీన్ని చదివిందెవరు? నా డబ్బు పోతే ఏమవుతుందో ఏ పేజీలో వుంది? మొన్న ఒక పిల్ల డ్వాక్రా సంఘం అప్పు పత్రం తీసుకొచ్చి మూడో ప్రశ్నకి జవాబు దొరకలేదంది. బ్యాంకుకి పోయి అడగమన్నాను. వాళ్ళమ్మని వెంటబెట్టుకుని పోయి అడిగింది.