జీర్ణకోశ ఆరోగ్యం - నిత్యం పాటించవలసిన అలవాట్లు
(శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలపై ప్రత్యేక వ్యాసం)

చోడి అంబలి, తరవాణి, మజ్జిగ ఉత్తరాంధ్ర పల్లెల్లో తరతరాలుగా వాడుకలో ఉన్న ఆహారాలు. ఇవి జీర్ణశక్తికి మేలు చేస్తాయి. అయితే తాగే నీరు, వడ్డించే చేయి పరిశుభ్రంగా లేకపోతే ఎంత మంచి ఆహారమైనా ఉదరాన్ని కాపాడలేదు.

ఈ వాస్తవాన్ని ఇటీవలి సంఘటనలు గుర్తు చేస్తున్నాయి. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలి పలువురు మరణించారు. విచారణ బాధ్యతను ప్రభుత్వం సీనియర్ ఐ.ఎ.ఎస్. అధికారి కె. విజయానంద్‌కు అప్పగించింది. 2022 ఏప్రిల్ 4 వరకు విజయనగరం జిల్లాలో భాగంగా ఉండి, ప్రస్తుతం పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్న కురుపాంలోని గిరిజన బాలికల గురుకుల పాఠశాలలో 2025 అక్టోబరులో కామెర్లు ప్రబలాయి.

తాగునీరు

నీటి సరఫరా ఆగినప్పుడు పైపులో పీడనం తగ్గుతుంది. పైపు పగిలి మురుగు కాలువలో ఉన్నట్లయితే ఆ మురుగు పైపులోనికి చేరుతుంది. అందువల్ల ట్యాంకు వద్ద మాత్రమే గాక చివరి కుళాయి వద్ద కూడా నీటిని పరీక్షించాలి. అక్కడ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి.

ఇంటిలో నీటిని బాగా మరగబెట్టి, చల్లార్చి తాగాలి. వీలుకానిచో 20 లీటర్ల బిందెకు 0.5 గ్రాముల క్లోరిన్ బిళ్ళ ఒకటి వేసి, అరగంట తర్వాత వాడాలి. బిందెపై మూత ఉంచాలి; పిడి ఉన్న గరిటెతోనే నీరు తీయాలి. మలవిసర్జన తర్వాత, వంటకు, భోజనానికి ముందు సబ్బుతో కనీసం 20 సెకన్లు చేతులు కడుక్కోవాలి.

ఆహారం

నూరు గ్రాముల చోళ్ళలో సుమారు 11 గ్రాముల పీచు ఉండగా, పాలిష్ పట్టిన బియ్యంలో అది 3 గ్రాములకు మించదు. పీచు మలబద్ధకాన్ని నివారిస్తుంది. పెద్దలు రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు తీసుకోవాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సూచించింది. తోటకూర, గోంగూర, మునగాకు ఇందుకు అందుబాటులో ఉన్నవే.

గంజి, బియ్యపు కడుగు కుండలో పులియగా తయారయ్యే తరవాణిలో జీర్ణానికి తోడ్పడే సూక్ష్మజీవులు వృద్ధి చెందుతాయి. కుండను రోజూ శుభ్రపరచి, మూత పెట్టి ఉంచాలి. రంగు మారినా, దుర్వాసన వచ్చినా పారవేయాలి. వేళకు భోజనం చేయడం, నెమ్మదిగా నమిలి తినడం, రోజూ నడవడం అందరికీ అవసరం.

విరేచనాలు మొదలైనప్పుడు

తొలి విరేచనం నుండే ఓ.ఆర్.ఎస్. ఇవ్వాలి. పొట్లం అందుబాటులో లేనప్పుడు లీటరు శుద్ధమైన నీటిలో తలకొట్టిన 6 చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపాలి. కలిపిన ద్రావణాన్ని 24 గంటలలోగా వాడాలి. తరవాణి దీనికి ప్రత్యామ్నాయం కాదు. పిల్లలకు తల్లిపాలు, ఆహారం ఆపరాదు. ఆరు నెలలు దాటిన పిల్లలకు ఆరోగ్య సిబ్బంది సలహాపై రోజుకు 20 మిల్లీగ్రాముల చొప్పున 14 రోజులు జింకు ఇవ్వాలి.

కళ్ళు లోతుకు పోవడం, మగత, మలంలో రక్తం, మూత్రం తగ్గడం ప్రమాద సంకేతాలు. వెంటనే 108కు ఫోన్ చేయాలి.

ఉద్దానం ప్రాంతంలో మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి నీరు కోల్పోవడం మరింత హానికరం. వారు వైద్యుని సంప్రదించిన పిదపనే ఉప్పు కలిసిన ద్రావణాలు తీసుకోవాలి. నొప్పి మాత్రల విచక్షణారహిత వాడకం జీర్ణాశయానికి, మూత్రపిండాలకు కూడా చేటు చేస్తుంది. ఈ ప్రాంత రోగుల కొరకు పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి.

ఒకే వీధిలో ఒకే రోజున ఇద్దరు ముగ్గురికి విరేచనాలైతే ఆశా కార్యకర్తకు లేదా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తక్షణమే తెలియజేయాలి. ఆ సమాచారం అందిన రోజుననే నీటి సరఫరాను తనిఖీ చేస్తే వ్యాధి ఆ వీధిని దాటకుండా నివారించే వీలుంటుంది.