రాముణ్ణి గీసిన సాయిబు

మాది నల్లపాడు. దూదేకుల ఇల్లు. మా తాత దూదేకే విల్లు భుజాన వేసుకుని గుంటూరు చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి పరుపులు కుట్టినవాడు. నాకు మాత్రం బొగ్గుముక్క దొరికితే చాలు, గోడ బతికేది కాదు. గుంటూరు సినిమాహాళ్ల ముందు చేత్తో గీసి నిలబెట్టిన కటౌట్లు చూసొచ్చి, రాముడి వేషంలో ఉన్న రామారావును గీసేవాణ్ణి. ఒకసారి బళ్లో ఆ బొమ్మ చూసిన మాష్టారు, "బాగానే ఉంది గానీ, సాయిబుల పిల్లాడివి, నీకెందుకురా రాముడు?" అన్నాడు. అదే బొమ్మ చూసి మా వీధి పెద్దాయన, "మనకు బొమ్మలు హరామ్ రా అబ్బాయ్" అన్నాడు. ఇద్దరూ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. కానీ బొగ్గుముక్క కింద పెట్టించారు.

చాలా ఏళ్ల తర్వాత మక్బూల్ ఫిదా హుసేన్ జీవితం చదువుతుంటే ఆ రెండు మాటలే మళ్లీ వినిపించాయి.

హుసేన్ 1915లో పండరీపురంలో పుట్టాడు. మనందరికీ అది పాండురంగడి ఊరు. పసితనంలోనే తల్లి పోయింది. ఆమె ముఖం ఆయనకు గుర్తులేదు. తర్వాత ఆయన గీసిన మదర్ థెరిసా బొమ్మల్లో నీలంచు తెల్లచీర ఉంటుంది, ఒడిలో బిడ్డ ఉంటాడు, ముఖం మాత్రం ఉండదు. బొంబాయి చేరి సినిమా హోర్డింగులు గీసి పొట్ట పోసుకున్నాడు. దూరాన్నుంచి చూసినా ఆనవాలు పట్టేలా ఒక్క గీతతో మనిషిని నిలబెట్టే విద్య ఆయన నేర్చింది ఏ కళాశాలలోనో కాదు, ఆ నిచ్చెనల మీదే.

దేశం రెండు ముక్కలైన 1947లోనే బొంబాయిలో ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూప్ పుట్టింది. దాన్ని నడిపించిన సూజా గోవా క్రైస్తవుడు. ఆరా మన సికింద్రాబాదు పక్కన బొల్లారంలో పుట్టి, చిన్నతనంలోనే బొంబాయి పారిపోయి, ఇళ్లలో పనిచేసుకుంటూ బొమ్మలు నేర్చినవాడు. రజా, హుసేన్ ముస్లింలు. విభజన తర్వాత రజా అన్నదమ్ములు పాకిస్తాన్ వెళ్లిపోయారు. రజా వెళ్లలేదు. హుసేనూ వెళ్లలేదు. 1948లో ఢిల్లీలో ఒక ప్రదర్శన చూశాడు హుసేన్. మథుర శిల్పాల ఒంపులు, బసోలీ చిత్రాల్లోని మండే ఎరుపు, పసుపు ఆయన కుంచెలోకి వచ్చి చేరాయి. ఆయన గుర్రాల్లో ఒకటి చిన్నప్పుడు మొహర్రం ఊరేగింపులో చూసిన దుల్దుల్. పీర్ల పండుగ తెలిసిన మన పల్లెల వాళ్లకు దాన్ని వివరించనక్కర్లేదు. మా వైపు పీర్లను ఎత్తుకునేదీ, వాటి కాళ్ల దగ్గర నీళ్లు పోసేదీ సాయిబులొక్కరే కాదు కదా.

ఇక రాముడి సంగతి. టాటా బిర్లాల గోడల మీద వేలాడటం మాని జనానికి కావలసిన రామాయణం గీయమని హుసేన్‌తో అన్నవాడు రామ్‌మనోహర్ లోహియా. 1967లో లోహియా చనిపోయాడు. మరుసటి ఏడాది నుంచి హైదరాబాదులో, సోషలిస్టు బద్రీవిశాల్ పిత్తి అండతో హుసేన్ ఆ పని మొదలెట్టాడు. వాల్మీకినీ తులసీదాసునూ చదివాడు. కాశీ పండితులను పిలిపించి సందేహాలు తీర్చుకున్నాడు. ఎనిమిదేళ్లలో నూట యాభై దాకా చిత్రాలు వేశాడు. వాటిని ఎడ్లబండి మీద వేసుకుని హైదరాబాదు చుట్టుపక్కల పల్లెలకు తీసుకెళ్లి చూపించామని ఆయనే చెప్పుకున్నాడు. కన్నేది, ముక్కేది అని అక్కడ ఎవరూ నిలదీయలేదట. చూశారు, రాముణ్ణి గుర్తుపట్టారు.

ఆ రోజుల్లోనే కొందరు ముస్లింలు మన ఇస్లాం మీద ఎందుకు గీయవని ఆయన్ను అడిగారు. మా వీధి పెద్దాయన మాటకు అది అన్నలాంటిది. మాష్టారి మాట తర్వాత వచ్చింది, కర్ర పట్టుకుని వచ్చింది. 1970లలో గీసిన దేవతల నగ్నచిత్రాలను 1996లో తవ్వితీసి కేసులు పెట్టారు. 1998లో బొంబాయిలో ఆయన ఇంటి మీద పడ్డారు. 2004లో హైదరాబాదు కథతో మొదలయ్యే 'మీనాక్షి' సినిమా తీస్తే, అందులో ఒక పాట మీద ఈసారి ముస్లిం సంస్థలు అభ్యంతరం చెప్పాయి. సినిమాను హాళ్ల నుంచి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. 2006లో దేశం విడిచాడు. 2008లో ఢిల్లీ హైకోర్టు కేసులు కొట్టేసింది. తొంభై దాటిన చిత్రకారుడు ఇంట్లో కూర్చుని బొమ్మ వేసుకోవాలని న్యాయమూర్తి రాశాడు. అయినా ఆ ఇంటికి రాలేకపోయాడు. 2010లో ఖతార్ పౌరసత్వం తీసుకున్నాడు. 2011 జూన్ 9న లండన్‌లో చనిపోతే అక్కడే మట్టి ఇచ్చారు. అదే 2010లో, అరవై ఏళ్లు ఫ్రాన్సులో ఉన్న రజా తిరిగొచ్చాడు. ఆయన గీసిన 'బిందువు'ను దేశం కళ్లకద్దుకుంది. ఇద్దరూ ముస్లింలే, ఇద్దరూ హిందూ సంప్రదాయం నుంచి తీసుకున్నవాళ్లే. ఒకరు సొంత నేలలో తండ్రి సమాధి పక్కన పడుకున్నారు. ఇంకొకరికి ఆ జాగా దక్కలేదు. ముస్లింకు దొరికే ఆదరణ హక్కు కాదు, వాళ్లు ఇచ్చినంతవరకే అని దీనర్థం కాదా?

హుసేన్ గీసిన ప్రతిదీ నచ్చాలని నేను అనను. నచ్చని బొమ్మను నచ్చలేదని చెప్పొచ్చు, రాయొచ్చు, పోట్లాడొచ్చు. కానీ బొమ్మ చూడకముందే గీసినవాడి పేరు చూస్తే అది విమర్శ కాదు. ఆ పని మెజారిటీ చేసినా తప్పే, మన మసీదు అరుగు మీద మనం చేసినా తప్పే. రెండోదాన్ని దాచిపెట్టి మొదటిదాన్ని ఎండగట్టే అర్హత మనకు లేదు.

ఎడ్లబండి చుట్టూ మూగిన ఆ పల్లె జనం ముందు బొమ్మ చూశారు. ఏ చదువూ లేకుండా వాళ్లకు అబ్బిన ఆ మర్యాద మనకెందుకు కష్టమైంది?

ఈమధ్య మా మనవరాలు మా వరండాలో ఆరబోసిన మిరపకాయల పక్కన కూర్చుని సుద్దముక్కతో వినాయకుణ్ణి గీస్తోంది. పక్కనే పీరు కూడా గీసింది. నేనేమీ అనలేదు. ఇంకో సుద్దముక్క తెచ్చిచ్చాను.